నల్లకారు తెల్లబడిన సంగతి

ఏమయ్యా, బాగున్నావా?

నువ్వు పోయి పదకొండు నెలలు దాటింది. నేను చెప్తుంటే ఈ ఉత్తరం రాస్తున్నది మన మేడ మీద గదిలో అద్దెకున్న అమ్మాయి. కంప్యూటర్ కోర్సు కోసం అమీర్‌పేటకు వచ్చింది. మొదట నిన్ను ‘మీరు’ అని రాసిందట. కొట్టెయ్యమన్నాను. బతికుండగా అనని మాట ఇప్పుడెందుకు?

కోపం చేసుకోకుండా విను... నీ కారుకు రంగు మార్చాను. తెలుపు వేయించాను.

“నల్లకారంటే ఇజ్జత్. తెల్లకారు పాలబండి లెక్కుంటది” అనేవాడివి. మరిచిపోలేదు. కానీ ముందు నా మాట కూడా విను.

ఇప్పుడు ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు పిల్లల్ని చేరవేసే కార్లే. పంజగుట్టలో ఒక ట్రావెల్స్ ఆయన మన యాదగిరికి నెలనెలా పని ఇస్తానన్నాడు. కారు తెల్లగా ఉండాలి, సోమవారం కల్లా చూపించాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. నల్లకారెందుకు పనికిరాదు? తెల్లకారు తొందరగా పోతుందా? అడిగితే నవ్వాడు గానీ చెప్పలేదు.

నీ కొడుకు యాదగిరి “తుక్కుకేసేద్దాం అమ్మా” అన్నాడు. “ముందు నన్నేయ్” అన్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బోరబండలో ఖాదర్ భాయ్ అని పెయింటర్ ఉన్నాడు. చిట్టీ డబ్బులు ఆయన చేతిలో పెట్టి, ఇంతే ఉన్నాయన్నాను. “గీ పైసలకు బయటి మందమే అయితది అమ్మా. తలుపుల లోపల, డిక్కీ లోపల నేను ముట్ట” అన్నాడు. తలుపు వేశాక లోపల ఎవడు చూస్తాడులే అనుకుని సరేనన్నాను.

“నల్ల రంగు మస్తు జిద్దీది, మొండిది. మంచిగ రుద్దకుండ తెలుపేస్తే లోపల్నుంచి తొంగి చూస్తది” అని కూడా అన్నాడు. రుద్దేందుకు మనిషిని పెడితే కూలీ. అందుకే నేనే కూర్చున్నాను, బకెట్ నీళ్లు, గరుకు కాగితం పెట్టుకుని. మూడు రోజులు రుద్దాను. రంగు అంత మందంగా ఉంటుందని నాకేం తెలుసు?

రెండో రోజు బానెట్ మీద నలుపు పోయిన చోట ఏమొచ్చిందో తెలుసా? ఆకుపచ్చ! చిలకపచ్చ!

“ఇది పుట్టినప్పుడే నల్లది” అని ఊరంతా చెప్పుకోలేదూ నువ్వు?

ఖాదర్ భాయ్‌ని పిలిచి చూపించాను. వంగి, వేలు పెట్టి తడిమి చూశాడు. “గీ నలుపు షెడ్డుల ఏసింది కాదమ్మా. బ్రష్షు గీతలు చూడు. ఎవరో పైసల్లేక చేత్తోనే ఏసుకున్నరు” అన్నాడు.

ఎవరో... నువ్వేనా?

కారు కొన్నప్పుడు రెండు రోజులు ఇంటికి రాలేదు. వచ్చినప్పుడు నీ గోళ్ల సందుల్లో నలుపు. ఏందది అంటే ఇంజన్ నూనె అన్నావు. వారం రోజులు అన్నం కలుపుతుంటే చూశాను ఆ నలుపు. నూనె అయితే అన్ని రోజులు ఉంటుందా? నాకప్పుడే ఎందుకు తట్టలేదు? చిలకపచ్చ కారు తెస్తే నేను నవ్వుతాననుకున్నావా? నవ్వేదాన్నే అనుకో... అయినా చెప్పొచ్చు కదయ్యా.

ఆ తర్వాత రుద్దుతుంటే నాకు తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. నువ్వు చేసిన పనే కదా అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే యాదగిరితో నేనూ పంజగుట్ట పోయాను. ట్రావెల్స్ ఆయన కోస్తా వైపు మనిషి. కారు చుట్టూ తిరిగాడు, బాగుందన్నాడు. తర్వాత తలుపు తెరిచాడు. నా ప్రాణం అక్కడే పోయింది. రోజుకు ఇరవైసార్లు తెరిచి మూసే బండికి తలుపు లోపల ఎవరు చూస్తారులే అనుకున్నాను చూడు, అదీ నా తెలివి!

“ఇదేంటి మామ్మగారూ, బయట డాక్టరు, లోపల లాయరు!” అన్నాడు.

యాదగిరి తల దించుకున్నాడు. నేను దించలేదు. “డాక్టరైనా వకీలైనా నడిపేది నా కొడుకే గద సారూ. వాళ్ల నాయన గీ బండి మీద ఒక్కనాడు సుత ఆలస్యం చేయలే. పోరగాళ్లు టైముకు ఆఫీసుల దిగుతరా లేదా చూడు, తలుపు సందులేం చూస్తవ్?” అన్నాను.

ఆయన తలుపు మూసి మళ్లీ ఒకసారి కారు చుట్టూ తిరిగాడు. చివరికి నవ్వి, నెల గడువిచ్చాడు. ఈలోపు తలుపుల లోపల కూడా తెల్లగా కావాలట. ఆ సాయంత్రమే మధురానగర్ హాస్టల్ దగ్గర ముగ్గురు అమ్మాయిలు మన కారెక్కారు. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. పాలబండి లెక్క ఏమీ లేదయ్యా. నిజం చెప్తున్నాను.

తలుపుల లోపల వేయిస్తాను, తప్పదు. డిక్కీ లోపల మాత్రం ఎవరినీ ముట్టనివ్వను. అక్కడి నలుపు మీద ఉన్న బ్రష్షు గీతలు నీ చేతివో కావో నాకు తెలియదు. నీవే అనుకుంటాను.

నీ లచ్చమ్మ
(వేలిముద్ర)