నేనన్నది వేరే మాట

మా చిట్టితల్లికి నాన్న దీవెనలు.

ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వున్న చోట ఎలా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు.

దుప్పటి అందిందని రాశావు, మంచిది. జైల్లో నీళ్లు మరీ చల్లగా ఉంటే తల తడుపుకోకు, జలుబు చేస్తుంది. ఇస్త్రీ బండి నడుస్తోందా అని అడిగావు. నడుస్తోంది. మీ ఆఫీసు పెద్దసారు చొక్కాలు ఇంకా నా దగ్గరికే వస్తున్నాయి. మడత తేడా రాకుండా చేసి పంపుతున్నాను.

మీ సాఫ్ట్‌వేర్‌లో నువ్వు చూసిన కన్నం పూడ్చేశారట. పట్టుకున్నది తానేనని పెద్దసారు చెప్పుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారట.

"పెద్దసారుకు ఎవరు చెప్పారు నాన్నా?" అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. నీతో పనిచేసే కళ్లజోడు పిల్లే చెప్పి ఉంటుందని, దాని సాక్ష్యం నాకొద్దని రాశావు. ఆ పిల్ల జైలు గేటు దాకా వచ్చి, నువ్వు రానన్నావని తిరిగి పోతోంది. లాయరుగారేమో, "తన ఖాతాలోకి వెళ్లి చూడమని తానే చెప్పానని ఆ అమ్మాయి కోర్టులో అంటేనే మీ పిల్ల బయటికొస్తుంది" అంటున్నాడు.

చెప్పింది ఆ పిల్ల కాదమ్మా. నేను.

ఆ రోజు చొక్కాల కోసం పెద్దసారు తనే వచ్చాడు. "ఏం పెద్దాయనా, మీ అమ్మాయి ఈమధ్య ముభావంగా ఉంటోంది. ఇంట్లో ఏం చేస్తోంది?" అన్నాడు. నీ గురించి నన్ను అడిగిన పెద్దమనిషి అతనొక్కడే. ఎక్కడలేని మాటలూ వచ్చేశాయి. "పేరు కొట్టి, పాస్‌వర్డ్ చోట ఏమీ కొట్టకుండా వదిలేస్తే మీ వెబ్‌సైట్ ఎవరినైనా లోపలికి రానిస్తోందటండీ. మా అమ్మాయి స్నేహితురాలి ఖాతాలోకి వెళ్లి చూసింది. మీకే చెప్పాలని అంతా రాసి పెట్టుకుంటోంది" అన్నాను.

"అబ్బో, గట్టిదే!" అని నా భుజం తట్టాడు. ఆ సంబరంలో పెట్టెలో బొగ్గులు చల్లారినా చూసుకోలేదు.

మర్నాడు నిన్ను తీసుకెళ్లారు. కేసులో "చొరబడింది" అని రాశారట. నేను "వెళ్లి చూసింది" అన్నాను తల్లీ. చొరబడింది అనలేదు. "మీకే చెప్పాలని" అని కూడా అన్నాను. ఆ ముక్క అందులో లేదు. నేనొచ్చి చెబుతానంటే, కన్నతండ్రి మాట ఎవరూ లెక్కచేయరన్నాడు లాయరు.

అమ్మకు చెప్పాను. "కట్టుకున్నప్పటి నుంచీ నాతో పట్టుమని నాలుగు ముక్కలు మాట్లాడలేదు. మాటలన్నీ దాచి దాచి వాడికి పోశావా?" అంది. తిండి పెడుతోంది, పలకడం లేదు.

చొక్కాలు తిప్పి పంపేద్దామనుకున్నాను. పెద్దసారు కారు అద్దం దించి, "జాగ్రత్త పెద్దాయనా, ఇక ఎవరితోనూ ఏమీ వాగకు" అన్నాడు. "అలాగేనండీ" అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఈసారి నిన్ను చూడటానికి ఒక్కరినే రానిస్తారట. కళ్లజోడు పిల్ల పేరు రాయించాను. దానితో మాట్లాడు. ఆ పిల్లను సాక్షిగా పిలిచే కాగితం మీద లాయరు చెప్పిన చోట సంతకం పెట్టు. నేను రాను.

ఇట్లు,
నిన్ను పట్టించిన
మీ నాన్న