రెండు మందులూ కలిసిన తొట్టి

బుధవారం, ఇచ్చోడ

నిన్న మందులను పరీక్షించడానికి పెరట్లో పెట్టిన తొట్లు పొద్దున చూశాను. తెగులుకు కొట్టే రాగి మందు కొద్దిగా కలిపిన నీళ్ళలో వాగు రొయ్యలు ఈదుతున్నాయి. పత్తి పురుగుమందు చుక్క వేసిన తొట్టిలోనూ బతికే ఉన్నాయి. అంతే మోతాదులో రెండూ కలిపిన తొట్టిలో మాత్రం అన్నీ చచ్చిపోయాయి.

ఇవాళ బాపు పత్తికి మందు కొట్టే రోజు. చేనుకు పరుగెత్తాను. వాగు ఒడ్డున బాపు ఆ రెండు మందులనే ఒక డ్రమ్ములో కలపబోతున్నాడు.

"కలపకు బాపూ!"

"ఎందుకు బిడ్డా? ఎప్పుడు గిట్లనే కొడ్తం గదా. ఒక్కసారే అయిపోతది."

ఎంత చెప్పినా నమ్మలేదు. ఇంటికి తీసుకొచ్చి చూపించాను. బాపు చచ్చిన రొయ్యను ఒకదాన్ని వేలితో కదిపి, పక్క తొట్లలో ఈదుతున్నవాటినీ చూశాడు.

"సరే, వేర్వేరుగ కొడ్త. వాగుకు దూరంగ కలుపుత."

సంతోషమేసింది. కానీ ఇప్పుడు నిద్ర రావడం లేదు. బాపు మానినా, పై చేలలో ఒకరు రాగి, ఒకరు పురుగుమందు కొడితే వానకు రెండూ వాగులోనే కలుస్తాయి. ఒక్కో మందును విడిగా పరీక్షిస్తే చాలంటారు మా కాలేజీ సార్లు. చాలదు.

రేపు వాగు నీళ్ళలోనే ఆ రెండు మందులూ కొద్దికొద్దిగా కలిపి ఇంకో తొట్టి పెడతాను. పై చేల రైతులను పిలిచి, వాళ్ళ ముందే రొయ్యలను వదులుతాను. వస్తారో రారో... రాకపోతే తొట్టిని వాళ్ళ చేలకే మోసుకుపోతాను.