టపా లేని బ్లాగు

మార్చి 3, సోమవారం. ఉ. 7.10
ఇరవై రెండేళ్లుగా ప్రెస్సులో ఊరందరి తప్పులూ దిద్దుతున్నాను. చాలు! ఈ రోజు నుంచి నాకో సొంత బ్లాగు. రోజుకొక టపా. 'పోస్టు' అనను, టపా అనే అంటాను. తెలుగు ఎలా రాయాలో చూపిస్తాను. నిన్న ఒక నవలాకారుడి ప్రూఫులు చూశాను. మూడు వందల పేజీల్లో వాక్యం అనదగ్గవి నాలుగు. అలాంటివాడికి పాఠకులు, నాకు ఎర్ర పెన్ను!

7.40. ఖాతా తెరిచాను. బ్లాగు పేరు అడుగుతోంది.

8.55. ఇంకా అడుగుతోంది. నచ్చిన పేర్లన్నీ ఎవరో ముందే ఎగరేసుకుపోయారు. వెళ్లి చూశాను. ఒకడు మూడేళ్ల కిందట 'హలో' అని రాసి మాయమయ్యాడు. పేరు కబ్జా చేసి పారిపోయిన సన్నాసి!

మార్చి 4
పేరు కుదిరింది: 'అక్షరశుద్ధి'. ఇక టెంప్లేటు. వాళ్లిచ్చినవి పన్నెండు. పన్నెండూ బట్టల కొట్టు బోర్డుల్లా ఉన్నాయి. ఒకదాన్ని చక్కదిద్దుకోవాలి. టపా రేపు.

మార్చి 6
శీర్షిక రంగు మార్చాను. పక్కన క్యాలెండరు, గడియారం, సందర్శకుల లెక్క పెట్టాను. సందర్శకులు: 31. భేష్!

సా. 6.15. ముప్ఫై ఒక్కసారీ నేనే.

మార్చి 8
ఫాంటు దరిద్రం. ఒత్తులు దిగి కింది వరసను గుద్దుతున్నాయి. 'వైశిష్ట్యం' చూస్తే జాలేసింది. ఇలాంటి ఫాంటులో రాయడం కంటే రాయకపోవడమే భాషాసేవ. రాయలేక కాదు, గమనించాలి.

మా వదిన ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్తూ నా గదిలోకి తొంగిచూసింది.

"బానే ఉందయ్యా. చదవడానికేదీ?"

"ముందు హంగులన్నీ కుదరాలి కదా వదినా."

"నాకూ ఒకటి పెట్టివ్వు. వార్డు సంగతులు రాసుకుంటా."

నవ్వు ఆపుకున్నాను. 'బాధ'ను 'భాద' అని రాసే మనిషి! అయినా పెట్టిచ్చాను. నాలుగు నిమిషాలు. కంటికి కనిపించిన మొదటి టెంప్లేటు చాలంది. రంగు కూడా మార్చొద్దంది. అభిరుచి అంటూ ఒకటి ఉండాలి కదా!

మార్చి 11
కోడ్‌లో ఒక లైను చెరిపాను. బ్లాగంతా తెల్లకాగితమైపోయింది. సహాయకేంద్రానికి రాశాను. జవాబు: 'మీ సమస్య మాకు ముఖ్యం.' నాలుగు మాటలు, నాలుగూ అబద్ధాలు.

ఆ పరధ్యానంలో ప్రెస్సులో ఒక శుభలేఖ నా చేతుల మీదుగా దాటిపోయింది. 'వధూవరులు' కాస్తా 'వధవరులు'గా అచ్చయింది. మూడొందల కార్డులు.

"ఇరవై రెండేళ్లలో ఇదే మొదటిసారి," అన్నాడు యజమాని. "రెండోసారి జరిగితే వేరే మనిషిని చూసుకుంటా."

కేకలేసినా బాగుండేది.

మార్చి 13
వదిన బ్లాగుకు నలభై వ్యాఖ్యలట! అన్నయ్య చెప్పాడు. తప్పులు లెక్కపెడదామని తెరిచాను.

ఒకే ఒక్క టపా. వార్డులో ఒక ముసలి టీచరమ్మ. కొడుకు రోజూ నాలుగింటికి వస్తాడని, మూడున్నరకి వదిన చేత జడ వేయించుకునేదట. మొన్న రెండింటికి పోయింది. 'అయినా మూడున్నరకి జడ వేశాను. జడ లేకుండా చూస్తే వాళ్లబ్బాయికి భాద' అని రాసి ఆపేసింది.

పదకొండు తప్పులు. ఆ బ్లాగు పాస్‌వర్డు నా దగ్గరే ఉంది. లోపలికి వెళ్లి, 'భాద' పక్కన కర్సరు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ముట్టుకోలేదు.

మార్చి 14
నా బ్లాగు తీసేశాను. కారణం: ఫాంటు.

కాదు. పన్నెండు రోజుల్లో ఒక్క వాక్యం రాయలేదు. ఆ నవలాకారుడు నయం, నాలుగు రాశాడు.

మార్చి 16, ఆదివారం. ఉ. 6.30
వదిన యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. సిగ్గు చంపుకుని అడిగాను.

"ఎలా మొదలుపెడతావు వదినా?"

"మొదలేముంది? జరిగింది రాస్తా. నువ్వు కూర్చోగానే ముందు ఎవరో ఒకర్ని దులపాలి. ఒక్కరోజు ఎవర్నీ తిట్టకుండా రాయి, చూద్దాం."

కొత్త ఖాతా తెరిచాను. ఈ రోజు నుంచి రోజుకొక టపా. ఎవరినీ తిట్టకూడదు.

7.05. మొదటి వాక్యం: 'మా వదిన నర్సు.'

8.20. రెండోది ఇంకా రాలేదు. లేవలేదు, కూర్చునే ఉన్నాను.