అక్క గదికి అద్దం లాంటి నేల

జూన్ 14, శనివారం, జడ్చర్ల

నేనూ అక్కా మూడు రోజులు దేవరకొండలో మేనత్త ఇంట్లో ఉండి వచ్చేసరికి, అక్క వ్యాయామం చేసే గది నేల మీద నా ముఖం నాకే కనిపించింది. పాత బండల మీద బాపు తళతళలాడే టైల్స్ వేయించాడు! కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షకు ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. బండల మీద దుంకీ దుంకీ అక్క మోకాలు ఇప్పటికే వాచింది. అందుకే మందపాటి రబ్బరు షీట్లు పరిపించమని నెల నుంచి మొత్తుకుంటున్నాను.

"రబ్బరుదా? అది బర్ల కొట్టంల ఏస్తరు బిడ్డా. ఇంట్ల ఏస్తరా?" అన్నాడు బాపు.

"పోనీ, బూట్లన్న ఏసుకుంట బాపూ" అంది అక్క.

"కొబ్బరికాయ కొట్టి గడపకు పసుపు పెట్టిన. బూట్లతోని ఎట్లొస్తవే?"

అక్క సాక్సులతోనే స్కిప్పింగ్ మొదలుపెట్టి, మూడో దుంకుకే జారి గోడకు గుద్దుకుంది. దెబ్బ మోచేతికి తగిలింది, మోకాలికి కాదు. బాపు ఉరికొచ్చి ముందు అక్కను చూశాడు, తర్వాత టైల్‌ను కూడా చూశాడు.

"జర మెల్లగ దుంకు బిడ్డా."

మెల్లగా దుంకితే ఉద్యోగం ఎవరిస్తారు?

'నునుపు' అనే మాట నచ్చి పోయిన వారమే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇప్పుడు కొట్టేయాలనిపిస్తోంది. ఇంకోసారి జారి, ఆ వాచిన మోకాలికే తగిలితే...

చెప్పి లాభం లేదు. రేపు పొద్దున చాయ్ తాగగానే బాపుకు సాక్సులు తొడిగి, ఆ టైల్స్ మీద పదిసార్లు దుంకమంటాను. పడకుండా అక్క ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుంటాం.