మూసిన జేబులు

మార్చి 3

అమ్మాయి ఫోన్ చేసింది. బాంబులు తీసే కోర్సుకి సెలెక్ట్ అయిందట. లెక్కలు, ఎలక్ట్రానిక్స్ బాగా వచ్చినవాళ్ళనే ఏరి తీసుకుంటారట. చివర్లో పరీక్ష. పాసైతే ఆ యూనిట్‌లోకి, ఫెయిలైతే మళ్ళీ స్టోర్స్‌లోకి. స్టోర్స్ అంటే దుప్పట్లు, బూట్లు.

సంతోషమేనా అని అడిగింది. చదువు వృథా పోలేదు తల్లీ అన్నాను.

మార్చి 4

వాళ్ళ నాన్న ఆర్మీలో ట్రక్కు డ్రైవర్. వంతెన దగ్గర బండి మందుపాతర మీదికి ఎక్కింది. నాలుగు అక్షరం ముక్కలు వచ్చి ఉంటే ఆఫీసులో కూర్చునేవాడు, ప్రాణం దక్కేది అని ఆ రోజు వచ్చినవాళ్ళంతా అన్నారు. నేను నమ్మాను. హైస్కూలు పాసయ్యానని నాకు ఆర్మీ కుట్టుగదిలో ఉద్యోగం ఇచ్చారు కాబట్టి ఇంకా నమ్మాను. పిల్లని పుస్తకం వదలనివ్వలేదు. చదువుకున్నవాళ్ళని ముందు వరసలో నిలబెట్టరని దానికి నేనే చెప్పాను.

ఇప్పుడు చదువుకుంది కాబట్టే అందరికంటే ముందు నడవమంటున్నారు.

మార్చి 9

పని ఎక్కువగా ఉంది. సరిహద్దు నుంచి ఏడుగురు వచ్చారు. మా గదిలో ఎవరూ శవాలనరు, వచ్చారంటారు. వాళ్ళ కొత్త యూనిఫారం మేమే కుడతాం. తొడగడం తేలికని వీపు మధ్య కుట్టు వేయకుండా తెరిచి వదిలేస్తాం. ఉబ్బకుండా చదునుగా ఉండాలని జేబులు మూసేస్తాం. ఇక వాళ్ళకి చిల్లరతో పనేముందిలే అంది బొత్తాలు కుట్టే అక్క. అందరం నవ్వాం. నవ్వకపోతే సూది ముందుకు కదలదు.

మార్చి 15

అన్నయ్య వచ్చాడు. కండక్టర్‌గా రిటైరయ్యాడు. ఎదుటివాళ్ళు ఇంకా బస్సులోనే ఉన్నట్టు గట్టిగా మాట్లాడతాడు. చదవకపోతే చస్తారన్నావు, చదివించి ఏం బావుకున్నావే చెల్లీ అన్నాడు. కాసేపటికి తనే గొంతు తగ్గించాడు. ఆ రోజు బావ బండి ముందు ఇలాంటి పిల్ల ఒకతె నడిచి ఉంటే అని మొదలుపెట్టి, ఆపేశాడు.

టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

మార్చి 16, ఉదయం

దీపం పెట్టి కూర్చున్నాను. ఒకటో తరగతి నుంచి దాన్ని ప్రతి పరీక్షలోనూ పాస్ చేయమని అడిగిన నోరు ఇది. ఫెయిల్ చేయమని అడగబోయాను. మాట పెగలలేదు. ఒత్తి సరిచేసి లేచాను.

మార్చి 18

అడిగాను.

మార్చి 22

పరీక్ష అయింది. ఎలా రాశావంటే బాగానే అంది. ఈ పిల్ల బాగానే అంటే ఫస్టు వస్తుందని అర్థం.

మార్చి 27

ఫస్టు వచ్చింది. కుట్టుగదిలో అందరికీ టీ ఇప్పించాను. మా టైలర్ మాస్టర్ చేతులెత్తి పైకి దండం పెట్టాడు. నేనూ పెట్టాను.

దేవుడు నా మాట విన్నాడో లేదో తెలియదు. ఇన్నేళ్ళ మొక్కుల ముందు ఒక్క రోజు మొక్కు ఎంతని.

మార్చి 30

అమ్మాయి కొత్త చొక్కాలు పంపింది. భుజాలు, వీపు వదులుట, జేబులు వంకరట, సరిచేసి పంపమంది. ఈ రోజే మళ్ళీ చాలామంది వచ్చారు. తల ఎత్తడానికి లేదు. అన్నీ కలిపే కుట్టి, దాని పార్సిల్ సాయంత్రం బండికి ఇచ్చేశాను.

మార్చి 31

పొయ్యి ముందు నిలబడి ఉండగా గుర్తొచ్చింది. అమ్మాయి చొక్కాలకి జేబులు మూసేశాను. చేతి అలవాటు. పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను.

ఫోన్ చేసి ఏమని చెప్పను? జేబులు ఎవరికి మూస్తామో దానికి తెలుసు. బడి వదిలాక నా మిషన్ పక్కన కూర్చునే హోంవర్క్ చేసేది.

ఏప్రిల్ 5

తనే చేసింది. గొంతు హుషారుగా ఉంది. మాకు జేబులు ఉండకూడదని నీకెవరు చెప్పారమ్మా అని అడిగింది. వంగినప్పుడు పెన్నో తాళమో జారి బాంబు మీద పడితే అంతే సంగతులట. యూనిట్‌లో మొదటి రోజే అందరి చేతా జేబులు మూసి కుట్టించారట. దీనివి ముందే కుట్టి ఉండటం చూసి, మీ టైలర్ ఎవరని సార్ అడిగితే, మా అమ్మేనని చెప్పిందట.

నేను ఊ కొడుతున్నాను.

"నాకు తెలుసులే అమ్మా, నువ్వు కావాలని కుట్టలేదు" అంది.

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"వీపు కుట్టు వేశావుగా. అది చాల్లే."

ఏప్రిల్ 11

ఆ యూనిట్ చొక్కాలన్నీ జేబులు మూయమని మా గదికే పంపారు. మాస్టర్ నాకు ఇచ్చాడు. పొడుగు కుట్లు వేశాను. ఆ పిల్లలు ఇంటికొచ్చి ఒక్క దారం లాగితే కుట్టు మొత్తం ఊడి వచ్చేస్తుంది.