కోళ్ల పెంపకం కింద చేర్చిన థీసిస్

మంగళవారం, నాచారం

వయోజన విద్య థీసిస్‌లను కేటలాగులో చేర్చేది నేనే కాబట్టి, ప్రొఫెసర్ ఈ రోజు ఉప్పల్ లైబ్రరీకి నా దగ్గరికే వచ్చాడు.

"ఏందన్నా, నా థీసిస్ కంప్యూటర్ల వయోజన విద్య కింద దొరుకుతనే లేదు. ఎల్లుండి ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది, జర సూడు!"

"సూస్త సార్."

చూడను. ఆ థీసిస్‌లో మా నాచారం రాత్రిబడి గురించి రాస్తూ, నా భార్య కరుణ ఫొటో కింద "చదువు ఒంటబట్టని అభ్యాసకురాలు" అని అచ్చువేశాడు. ఆ తర్వాత ఆమె సంతకం నేర్చుకుని చూపిస్తే నవ్వాడు. ఆమె పోయాక ఆ థీసిస్‌ను కోళ్ల పెంపకం కింద చేర్చి, ఆ పుస్తకాల బీరువాలోనే పెట్టాను.

ఒకటే దిగులు. పలక పట్టుకున్న కరుణ ఫొటో ఇంకెక్కడా లేదు. నేను రిటైరైతే ఆమె కూడా ఎవరికీ దొరకదు.

అయినా కేటలాగులో మార్చను. ఆయన వెళ్లాక కోళ్ల బీరువా తెరిచి, కరుణను చూసుకుని, మళ్లీ తాళం వేశాను.