మామయ్య ఫొటోకి పడిన దండ

చోడవరం,
ఫిబ్రవరి 3

చిరంజీవి కీర్తికి మీ మేనత్త అచ్చియ్యమ్మ దీవెనలు.

ఫోన్ చేస్తే మీ నాన్న పక్కనే ఉంటాడని ఈ ఉత్తరం నీ ఆఫీసుకి రాస్తున్నాను. మూడేళ్ల క్రితం నలుగురి ముందూ మా బెల్లం ఉప్పగా ఉందన్నాడు మీ నాన్న. మీ మామయ్య అలిగాడు. మీ నాన్న అంతకంటే ఎక్కువ అలిగాడు. అప్పట్నుంచీ మా జగ్గారావన్నయ్య నా గుమ్మం తొక్కలేదు. విశాఖపట్నం ఏమంత దూరమని? ఒక్కసారి వచ్చి నా చేత్తో ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్తే నాకు చాలు.

సరే, పని సంగతి. ఈ ఏడు కొంత చెరుకు మేమే ఆడించి బెల్లం వండుతున్నాం. నువ్వు షాపులకి ఫోన్‌లో ప్రకటనలు చేస్తావు కదా, మాకూ ఒకటి చేసిపెట్టు.

ఉంటాను మరి,
అత్త

తా.క. అవన్నీ ఏఐ చేత చేయిస్తావట కదా. మన బెల్లం రుచి చూపించకుండా దానికి పని చెప్పకు. పాపం, ఏమని రాస్తుంది?


విశాఖపట్నం,
ఫిబ్రవరి 8

అత్తకి నమస్కారాలు.

నీ పని పది నిమిషాల్లో అయిపోయింది. నీ పాత ఫొటో ఒకటి ఏఐకిచ్చి, ముఖం మీద మచ్చలు తీసి, చీర సాదాగా చెయ్యమన్నాను. కింద గుండెని తాకేలా నాలుగు ముక్కలు రాయమన్నాను. నిన్ననే ఫేస్‌బుక్‌లో పెట్టాను. చూసినవాళ్లంతా ఏడుపు బొమ్మలు పెడుతున్నారు. గుండెని బాగానే తాకినట్టుంది.

నీ మేనకోడలు,
కీర్తి

తా.క. నాన్నకి చూపించలేదు. ఆయన మీ మాట ఎత్తరు గానీ, రోజూ పొద్దున్నే ఫోన్‌లో చోడవరంలో వాన పడుతుందో లేదో చూసుకుంటున్నారు.


చోడవరం,
ఫిబ్రవరి 12

కీర్తికి అత్త దీవెనలు, కొంచెం కోపంతో.

మచ్చలు తియ్యమంటే అది నా బొట్టు తీసేసిందే. గాజులూ నల్లపూసలూ కూడా తీసేసి తెల్లచీర కట్టింది. కింద 'విధి పెట్టిన పరీక్షలో ఒంటరిగా నిలిచి తీపిని పంచుతున్న తల్లి' అని రాసింది.

పొద్దున్నే రోలుగుంట నుంచి నాకు చెల్లెలి వరసయ్యే దుర్గాదేవి ఏడుస్తూ ఆటో దిగింది. "ఎంత పని జరిగిపోయిందప్పా, మాకు కబురైనా సెయ్యలేదేటి" అని నన్ను వాటేసుకుంది. మీ మామయ్య అరుగు మీద ఇడ్లీ తింటున్నాడు. "ఎవులు పోయేరు?" అంటూ ఆయనా కళ్లు తుడుచుకున్నాడు. పోయింది తనేనని తర్వాత తెలిసింది. మధ్యాహ్నానికి రావికమతం చుట్టాలూ దిగారు. అంత దూరం వచ్చి ఊరికే వెళ్లడం బాగోదని తలో బెల్లం దిమ్మ కొనుక్కెళ్లారు. అమ్మకం బాగానే ఉంది. పరామర్శలు భరించలేక మామయ్య మా ఫోన్లు రెండూ ఆపేశాడు.

అత్త

తా.క. నా మొగుడు పోయాడని ఊరూరా తెలిసింది, అన్నయ్యకి తప్ప. తెలిస్తే వచ్చేవాడంటావా?


విశాఖపట్నం,
ఫిబ్రవరి 15

అత్తా, మామయ్యా, ఇద్దరికీ వంగి నమస్కారాలు.

తప్పు నాదే. ఏం తియ్యాలో చెప్పాను గానీ ఏం తియ్యకూడదో చెప్పలేదు. అది రాసింది చదవకుండానే పెట్టేశాను. ఈసారి అన్నీ విడమరిచి చెప్పాను: మామయ్య పేరు పరదేశి, ఆయన క్షేమంగా ఉన్నారు, చెరుకు ఆడించేది ఆయన, పాకం చూసేది నువ్వు, సొంతంగా ఒక్క మాట కూడా కల్పించొద్దు. మాటలు చక్కగా వచ్చాయి. రెండుసార్లు చదివాను. మీ పెళ్లిరోజు ఫొటో కూడా ఇచ్చాను. మధ్యలో నాన్న నిలబడి ఉంటే, మామయ్యకి కోపమొస్తుందని ఆయన్ని తీసేయించాను. మామయ్యని కాస్త గౌరవంగా, పండగ కళతో చూపించమన్నాను. పొద్దున్నే ఫేస్‌బుక్‌లో పెట్టేశాను.

కీర్తి

తా.క. మాటలు చదివాను గానీ బొమ్మ సరిగ్గా చూసుకోలేదు. గౌరవమంటే దానికి ఏమర్థమైందో, మామయ్యకి బంతిపూల దండ వేసి ముందు దీపం పెట్టింది. ఇప్పుడే ఆ ప్రకటన తీసేశాను.

ఇంకో తా.క. ఈలోగా నాన్న చూసేశారు. కింద మాటలు చదవనే లేదట, కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కారని అమ్మ చెప్పింది. ఆయన ఫోన్ ఎత్తడం లేదు, మీవి పనిచెయ్యడం లేదు. ఈ ఉత్తరం తర్వాతి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మామయ్యని ఒక్కసారిగా ఎదురు పంపకు.


చోడవరం,
ఫిబ్రవరి 16

బంగారుతల్లి కీర్తికి అత్త దీవెనలు.

నీ ఉత్తరం కంటే మీ నాన్నే ముందొచ్చాడు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి మీ అమ్మ చెప్పు. మీ మామయ్య బెల్లం పెనం దగ్గర ఉన్నాడు. "ఏటి బావా, నన్ను సాగనంపడానికొచ్చేవా?" అన్నాడు. మీ నాన్న ఆయన్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయనా ఏడ్చాడు. నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని, ముందు ఎవరికివ్వాలో తెలీక నిలబడ్డాను.

భోజనాల దగ్గర, "కీర్తినేమీ అనకన్నయ్యా, అది కంప్యూటరు చేసిన పని" అన్నాను.

"నాకు తెల్సే" అన్నాడు.

ఫోన్ తీసి, అందులో దాచుకున్న ఆ ఫొటో చూపించాడు. "ఏడుస్తానే బస్సెక్కేను సెల్లీ. అనకాపల్లి కాడ మళ్లీ తీసి సూసేను. మజ్జిలో నన్ను తీసేసేరు గానీ, బావ భుజం మీద నా సెయ్యి ఉండిపోయింది. ఇదిగో, నా ఉంగరం. అప్పుడు తెలిసింది, ఇది మా గుంట కీర్తి పనని. బావకేటీ కాలేదని."

"మరి అక్కడే దిగి వెనక్కి వెళ్లిపోలేదేం?" అని అడిగాను.

అన్నం కలుపుతూ తలెత్తలేదు. "దిగబుద్ధి కాలేదే" అన్నాడు.

నాకింక ముద్ద దిగలేదు కీర్తీ. అంత సంతోషంగా ఉంది.

ఆ ప్రకటన మళ్లీ పెట్టు. దండా దీపమూ తీసెయ్యమను. ఆ చేతిని మాత్రం ముట్టుకోవద్దని దానికి గట్టిగా చెప్పు.

ఇక్కడ అందరం బాగున్నాం, మామయ్యతో సహా.
అత్త

తా.క. అనకాపల్లి సంగతి నీకు చెప్పొద్దని అన్నయ్య నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అందుకే చెప్పలేదు, రాశాను.